కూల్‌డ్రింకులు, షుగర్ టెస్టులు: ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా నాకు జరిగింది

నాకు ముప్పై ఆరేళ్ళు, ఉండేది ఒడిశాలోని రాయగడలో. బోరు మోటార్లు, ఇన్వర్టర్లు రిపేరు చేసే పని. పొద్దున్నే బండి తీస్తే ఒకరోజు గుణుపూర్ వైపు, ఒకరోజు మునిగుడ, బిస్సంకటక్ వైపు, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. నా రిపోర్టుల సంగతి తెలిశాక మా వీధిలోవాళ్ళూ, పార్వతీపురంలో అత్తారి వైపు చుట్టాలూ ఒకటే అడుగుతున్నారు, ఏ టెస్టులు చేయించారు, ఎంతయింది, కూల్‌డ్రింకులు మానేస్తే నిజంగా తగ్గుతుందా అని. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తుంటే ఒకరికి చెప్పింది ఇంకొకరికి ఇంకోలా చేరుతోంది, అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

2025 ఏప్రిల్ మొదటి వారంలో డీలర్ల మీటింగ్ పెట్టిన చోట ఉచిత హెల్త్ క్యాంపు ఉంది. వరసలో నిలబడితే వేలికి సూది గుచ్చి చూశారు, 186 వచ్చింది. భోజనం చేసి, ఒక కూల్‌డ్రింకు తాగి అప్పటికి గంటయి ఉంటుంది. అక్కడి సిస్టర్ "200 లోపు ఉంది కాబట్టి షుగర్ అని చెప్పలేం, కానీ మీ వయసుకి ఇది ఎక్కువే, పరగడుపున ఒకసారి చేయించుకోండి" అంది. నాకు ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. దాహం మాత్రం ఎక్కువ, కానీ ఏప్రిల్‌లో మా వైపు ఎండలో బండి నడిపేవాడికి దాహం వెయ్యకుండా ఎలా ఉంటుంది?

తర్వాతి వారం ఇంటి దగ్గర ల్యాబులో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ రెండూ చేయించాను. రెండూ కలిపి 550 రూపాయలు, సాయంత్రానికి రిపోర్టు. పరగడుపు షుగర్ 118. హెచ్‌బీఏ1సీ 5.5. ల్యాబు అబ్బాయి రెండో అంకె మీద వేలు పెట్టి "మూడు నెలల యావరేజీ ఇదే అన్నా, 5.7 లోపుంటే నార్మల్, టెన్షన్ పడకండి" అన్నాడు. నాకూ ఊపిరి తిరిగినట్టయింది. మా ఆవిడ మాత్రం వదల్లేదు. "ఏవండీ, ఒకటి బావుందంటోంది, ఒకటి బాలేదంటోంది, ఏది నిజమో చెప్పేవాళ్ళకి చూపిద్దాం" అంది. అప్పుడు తను పట్టుబట్టకపోతే కథ అక్కడే ఆగిపోయేది.

పణా సంక్రాంతి (ఒడియావాళ్ళ కొత్త సంవత్సరం) వెళ్ళాక, ఏప్రిల్ మూడో వారంలో ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాం. ఫీజు 400. పొద్దున తొమ్మిదికి టోకెన్ తీసుకుంటే లోపలికి పిలిచేసరికి ఒంటిగంట దాటింది. ఆయన స్వీట్లు తింటారా, అన్నం ఎంత తింటారు అని అడుగుతారనుకుని వెళ్ళాను. మొదటి ప్రశ్న అది కాదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తాగుతారో చెప్పండి" అన్నారు. నేను చెప్తుంటే చీటీ వెనక రాసుకున్నారు. టీలు నాలుగు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. పదకొండింటికి ఒక కూల్‌డ్రింకు, చిన్న బాటిల్. ఎవరింటికైనా పనికి వెళ్తే వాళ్ళిచ్చే మామిడి డ్రింకు. నాలుగింటికి నిద్ర ఆపుకోడానికి ఇంకో బాటిల్.

తర్వాత లెక్క వేశారు. కోలా బాటిల్ మీద 100 మి.లీ.కి దాదాపు 11 గ్రాముల చక్కెర అని రాసి ఉంటుంది. 250 మి.లీ. బాటిల్ అంటే 27 గ్రాములు, అంటే దాదాపు ఏడు చెంచాలు. అన్నీ కూడితే నా రోజుకి వంద గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, బయట నుంచి కలిపే చక్కెర రోజుకి సుమారు 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిది. అంటే నాకు మంచిదని చెప్పిన మోతాదు పదకొండు గంటల బాటిల్‌తోనే దాటిపోతోంది.

ఆయన చెప్పిన ఇంకో మాట నాకు బాగా పట్టింది. అంత చక్కెర లడ్డూల రూపంలో తినమంటే ఎవరూ తినలేరు, రెండు తినేసరికి మొహం మొత్తుతుంది, అదే నీళ్ళలో కలిపి చల్లగా ఇస్తే కడుపు నిండినట్టే ఉండదు, మళ్ళీ అన్నం మామూలుగానే తింటాం. పైగా చక్కెరలో సగం ఫ్రక్టోజ్ అనే రకం, దాని భారం ఎక్కువగా లివర్ మీదే పడుతుంది, ఎక్కువైతే లివర్ దాన్ని కొవ్వుగా మారుస్తుంది. అందుకే లివర్ టెస్టు, కొలెస్టరాల్ టెస్టులు, కడుపు స్కానింగ్ రాశారు.

అప్పుడు నేను అసలు ఊహించని ప్రశ్న అడిగారు. "సికిల్ టెస్టు ఎప్పుడైనా చేయించారా?" లేదన్నాను. మా ప్రాంతంలో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్తజబ్బు, ఎక్కువ. చాలామందికి దాని జీన్ ఒక్కటి మాత్రమే ఉంటుంది, ట్రెయిట్ అంటారు, వాళ్ళకి మామూలుగా ఏ జబ్బూ కనిపించదు. కానీ హెచ్‌బీఏ1సీ అనేది ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుందో కొలిచే టెస్టు కాబట్టి, ఆ హిమోగ్లోబిన్‌లోనే తేడా ఉంటే అంకె అసలు కన్నా తక్కువ చూపవచ్చు, మెషీన్ రకాన్ని బట్టి కూడా మారుతుందట. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే దీనికి తలకిందులు, ఎక్కువ చూపవచ్చు. "మీ పరగడుపు షుగర్‌కీ దీనికీ పొంతన లేదు, అందుకే ఈ 5.5ని నేను ఇప్పుడే నమ్మను" అన్నారు. కోరాపుట్, రాయగడ, గజపతి వైపు ఉండి, హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ముక్క రెండుసార్లు చదవండి.

సికిల్ ఉందో లేదో తేల్చే హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ అనే టెస్టుకి ల్యాబులో 950 తీసుకున్నారు. శాంపిల్ విశాఖ పంపాలి, మూడు రోజులన్నారు, మధ్యలో సెలవులొచ్చి వారం దాటింది. ఆ వారం నాకు సరిగా నిద్ర లేదు. షుగర్ గురించి కాదు, సికిల్ ఉంటే పిల్లలకి ఏమవుతుందో అని. రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎస్ (సికిల్ రకం హిమోగ్లోబిన్) 36 శాతం, ట్రెయిట్ అని వచ్చింది. వెంటనే మా ఆవిడకి కూడా చేయించాలన్నారు, ఎందుకంటే భార్యాభర్తలిద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తన టెస్టు ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బులు తీసుకోకుండా చేశారు. నార్మల్. ఆ కాగితం చూశాక ఇద్దరం ఆసుపత్రి మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాం, మాట రాలేదు. పిల్లలకి నాలాగా ట్రెయిట్ ఉండొచ్చు, జబ్బు మాత్రం ఉండదు.

ఇక హెచ్‌బీఏ1సీని నమ్మలేక డాక్టర్‌గారు రాసిన జీటీటీ, అంటే గ్లూకోజ్ తాగించి షుగర్ ఎంత పెరుగుతుందో చూసే టెస్టు. పరగడుపున వెళ్ళాలి, కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. ముందు ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి ఇస్తారు, ఐదు నిమిషాల్లో తాగెయ్యాలి, సరిగ్గా రెండు గంటలకి మళ్ళీ రక్తం తీస్తారు. ఆ రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి, నడవకూడదు, సిగరెట్ కాల్చకూడదు, తినకూడదు. నేను మొదట వెళ్ళిన ల్యాబులో "ఇంటికెళ్ళి రండి" అన్నారు, టెక్నీషియన్ డ్యూటీ దిగిపోతున్నాడని గంటన్నరకే ఫోన్ చేసి పిలిచి రక్తం తీసేశారు. డాక్టర్‌గారు రిపోర్టు మీద టైములు చూసి పక్కన పడేశారు. 250 రూపాయలూ, ఒకరోజు పనీ పోయాయి.

మే మొదటి వారంలో వేరే ల్యాబులో మళ్ళీ చేయించాను. అక్కడి అమ్మాయి స్టీలు గ్లాసులో పొడి పోసి చెంచాతో గిరగిరా తిప్పుతోంది, ఎంత తిప్పినా అడుగున తెల్లగా కొంచెం మిగులుతూనే ఉంది, ఇంకాసిన్ని నీళ్ళు పోసి మళ్ళీ తిప్పింది. మొదటి రెండు గుక్కలు పర్వాలేదు. సగానికి వచ్చేసరికి గొంతు దగ్గర జిగురు కట్టినట్టయి కడుపులో తిప్పింది. నిమ్మకాయ ఉందా అని అడిగితే లేదంది. వాంతయితే టెస్టు మళ్ళీ మొదటికొస్తుందని భయపెట్టారు, కళ్ళు మూసుకుని తాగేశాను. ఆ రెండు గంటలూ బెంచీ మీద కూర్చుని లెక్కేశాను. ఈ గ్లాసులో ఉన్నది 75 గ్రాములు. పెళ్ళిళ్ళలో బల్ల మీద పెట్టే 750 మి.లీ. కోలా బాటిల్‌లో ఉండేది ఇంతకన్నా ఎక్కువే, అది మాత్రం గ్యాసు, పులుపు, చల్లదనం వల్ల ఏ తిప్పుడూ లేకుండా దిగిపోతుంది.

రెండు గంటల షుగర్ 168. 140 నుంచి 199 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ, 200 నుంచి షుగర్ జబ్బు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు పేరుకోవడం) గ్రేడ్ 1, దానికి 900. రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 312, ఉండాల్సింది 150 లోపు. లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 68. బరువు 84 కిలోలు. నేను మందు ముట్టను, ఆ మాట చెప్పినా చుట్టాల్లో కొందరు ఫ్యాటీ లివర్ అనగానే నా వైపు అదోలా చూశారు. తాగుడు లేనివాళ్ళకీ ఇది వస్తుందని ఇంట్లో అందరికీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

మందులేవీ రాయలేదు. "చక్కెర కలిపిన డ్రింకులు పూర్తిగా ఆపండి, టీలో పంచదార వద్దు, భోజనం తర్వాత కాసేపు నడవండి, మూడు నెలలకి రండి" అన్నారు. డైట్ కోలా తాగొచ్చా అంటే, దాన్ని అలవాటు చేసుకోవద్దన్నారు, బరువు తగ్గడానికి తీపి రసాయనాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో చెప్పిందన్నారు. బెల్లం? చక్కెర లాంటిదే అన్నారు. తేనె? అదీ అంతే.

మొదటి రెండు రోజులు తలనొప్పితో చచ్చిపోయాను. చక్కెర లేక నీరసమేమో అనుకున్నాం. డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, కోలాలో కూడా టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే ఇలాగే ఉంటుంది, వారం పది రోజుల్లో పోతుంది, పంచదార లేని టీ తాగితే సర్దుకుంటుంది అన్నారు. అలాగే సర్దుకుంది. ముందే తెలిసి ఉంటే అంత కంగారు పడేవాణ్ణి కాదు. పంచదార లేని టీకి నాలుక అలవాటు పడ్డానికి మాత్రం నెల పట్టింది, ముందు రెండు చెంచాల నుంచి ఒకటి, తర్వాత అర, తర్వాత సున్నా.

అసలు కష్టం ఎండ కాదు, మర్యాద. మోటారు బాగుచేసి చేతులు కడుక్కునేసరికి ఆ ఇంటివాళ్ళు అప్పుడే పిల్లాణ్ణి షాపుకి పంపి తెప్పించిన చల్లటి బాటిల్ ట్రేలో పెట్టి తెస్తారు. లేనివాళ్ళు కూడా తెస్తారు. పది రూపాయలో ఇరవయ్యో ఖర్చుపెట్టి తెచ్చింది వద్దంటే వాళ్ళ మొహం చిన్నబోతుంది. కడుపు బాలేదని చెప్పి చూశాను, అయితే సోడా తాగండి అంటారు. షుగర్ అని చెప్తే వెంటనే వదిలేస్తారు, కానీ మర్నాటికల్లా ఆ మాట ఊరంతా తిరిగి, మా అమ్మకి ఎవరో ఫోన్ చేసి "మీ అబ్బాయికి షుగరటగా, ఇంత చిన్న వయసులోనే" అని ఓదార్చేదాకా వచ్చింది. అమ్మ ఆ రోజంతా ఏడ్చింది. తర్వాత ఇంకో పద్ధతి పట్టాను. పని మొదలుపెట్టేముందే, బండి దిగగానే నేనే అడుగుతాను, "అక్కా, కుండలో నీళ్ళుంటే ఇవ్వండి, మజ్జిగుంటే ఇంకా మంచిది" అని. నోరు తెరిచి అడిగింది ఇచ్చాక ఇంకేదీ తెప్పించరు.

మా అత్తయ్యతో ఇంకాస్త టైము పట్టింది. మే చివర్లో పార్వతీపురం వెళ్తే ఫ్రిజ్‌లో నాకోసమే రెండు పెద్ద బాటిళ్ళు పెట్టి ఉంచారు. "బాబూ, ఇంత ఎండన పడి వచ్చారు, ఒక్క గ్లాసుకేమవుతుంది" అన్నారు. మా ఆవిడ స్కానింగ్ రిపోర్టు తీసి చేతిలో పెట్టింది. అత్తయ్య చదివి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున తరవాణి (అన్నం నానబెట్టి పులియబెట్టిన నీళ్ళు) కుండ కడిగి పెట్టారు.

ఇప్పుడు ఏం తాగుతున్నానో చెప్తాను. పొద్దున తరవాణి, అదే ఒడియావాళ్ళు పఖాళ నీళ్ళు తోరాణి అంటారు చూడండి, అందులో చిటికెడు ఉప్పు, నలిపిన కరివేపాకు, నిమ్మాకు. బండిలో లీటరున్నర స్టీలు సీసా నిండా పల్చటి మజ్జిగ, అల్లం దంచి వేసి. చోడి (రాగి) అంబలి కూడా తాగుతాను, కానీ దాని గురించి ఒక మాట. మంచిదే కదా అని పెద్ద లోటాడు తాగి, రెండు గంటలకి గ్లూకోమీటర్‌లో చూస్తే 152 వచ్చింది. చోడి కూడా పిండి పదార్థమే. ఇప్పుడు పల్చగా కాచి, మజ్జిగ కలిపి, ఒక గ్లాసుతో సరి. కొబ్బరి బొండం ఒకటి తాగితే నాకు పెద్దగా పెరగలేదు. చెరకు రసం మాత్రం చిన్న గ్లాసుకే 170 దాటింది, ఐసు వెయ్యకపోయినా, "నేచురల్" అని బోర్డు పెట్టినా అంతే. మీటరు 900, స్ట్రిప్పు ఒక్కోటి ఇరవై దాకా పడుతుంది, అందుకని రోజూ కాదు, కొత్తది ఏదైనా తాగినప్పుడే చూస్తాను.

జూన్ 27న రథయాత్ర. దారి పొడుగునా పందిళ్ళు వేసి పిలిచి మరీ ఇస్తారు, రంగు షర్బత్‌లు, ప్యాకెట్ జూసులు. పిల్లలిద్దరూ చేతులు చాచారు. పెద్దవాడు ప్యాకెట్ తిప్పి వెనక చదివి "నాన్నా, ఇందులో పండు రసం కొంచెమే, మిగతాదంతా నీళ్ళూ చక్కెరే" అన్నాడు. ఇంట్లో నేనూ మా ఆవిడా లేబుళ్ళు చదువుతుంటే వాడికీ అలవాటయింది. చూడాల్సింది రెండే, 100 మి.లీ.కి చక్కెర ఎంత, బాటిల్ మొత్తం ఎన్ని మి.లీ. ముందు వైపు పండు బొమ్మ ఎంత పెద్దదైనా లెక్క వెనకే ఉంటుంది.

ఆగస్టు రెండో వారంలో మళ్ళీ టెస్టులు. పరగడుపు షుగర్ 103, ట్రైగ్లిజరైడ్లు 181, ఎస్‌జీపీటీ 41, బరువు 79. నడక, రాత్రి అన్నం కాస్త తగ్గించడం కూడా పనిచేశాయి, అంతా డ్రింకుల వల్లే అని చెప్పను. కానీ తిండిలో పెద్ద మార్పేమీ లేదు, పెద్ద మార్పు గ్లాసులోనే. డాక్టర్‌గారు మొదటిసారి నవ్వారు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకి రిపోర్టు చదివి వినిపించాను.

సెప్టెంబర్‌లో చిన్నవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అడిగితే రంగురంగుల టెట్రాప్యాక్ ఒకటి చేతిలో పెట్టారు. అలవాటుగా వెనక చదివాను. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే ఉండాలి, దానికి తగ్గ ఉప్పులతో. ఆ ప్యాకెట్‌లో చక్కెర దానికి ఎన్నో రెట్లు ఉంది. విరేచనాల పిల్లాడికి అంత తీపి పోస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తిరిగిచ్చేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడిగి తీసుకున్నాను, లీటరు నీళ్ళకి ఒకటి. ఇలాంటి తీపి డ్రింకుల్ని ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల పేరులో ఓఆర్ఎస్ అనే మాటే వాడకూడదని ఆదేశాలిచ్చింది. ఆ వార్త చదివి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పాత సరుకు ఎక్కడైనా ఉండొచ్చు, చదివే కొనండి.

అదే సెప్టెంబర్ 22 నుంచి చక్కెర కలిపిన గ్యాసు డ్రింకులు 40 శాతం జీఎస్టీలోకి వచ్చాయి, కానీ ముందు కూడా సెస్సుతో కలిపి అంతే పడేది కాబట్టి మా బస్టాండులో పది, ఇరవై రూపాయల బాటిళ్ళు అలాగే ఉన్నాయి. నీళ్ళ మీద పన్ను తగ్గి స్టేషన్లో రైల్‌నీర్ లీటరు 15 నుంచి 14 అయింది. ఎండలో పనిచేసేవాడికి చక్కెర నీళ్ళూ మంచినీళ్ళూ దాదాపు ఒకే ధరకి దొరుకుతున్నంత కాలం చెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు. బస్టాండులోనూ సంతలోనూ చల్లటి మంచినీటి కుళాయి ఒకటి పనిచేస్తే చాలా ఇళ్ళు బాగుపడతాయి, ఇది మా మున్సిపాలిటీవాళ్ళు చదివినా మంచిదే.

నవంబర్ మొదట్లో మళ్ళీ జీటీటీ. పరగడుపున 96, రెండు గంటలకి 133. ఈసారి డాక్టర్‌గారు హెచ్‌బీఏ1సీ రాయనే లేదు, మీకు ఇకమీదట ఈ రెండే చూద్దాం, ఏడాదికోసారి రండి అన్నారు. లివర్ స్కానింగ్ 2026 మేలో అన్నారు. ఈ మధ్యలో డాక్టర్ ఫీజులు, టెస్టులు, మీటరు అన్నీ కలిపి ఏడు వేల దాకా అయ్యాయి, అందులో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే అయ్యేవి, ముందు అక్కడ అడగండి.

జీటీటీకి వెళ్ళేవాళ్ళు పొద్దున ఏడున్నరకే చేరుకోండి, రెండు గంటల తర్వాత రక్తం ఎవరు తీస్తారో ముందే అడగండి, రిపోర్టు మీద రెండు టైములూ రాయించుకోండి. నిమ్మకాయ పిండొచ్చా అని ల్యాబువాళ్ళని అడిగి, సరేనంటే ఇంటి నుంచి ఒకటి పట్టుకెళ్ళండి, నవంబర్‌లో నేను అలాగే వెళ్ళాను, కడుపులో తిప్పలేదు.